కారు లోపలి ప్లాస్టిక్, రెగ్జిన్‌కు ఇంట్లోనే రంగు: ఏ భాగానికి ఏ పద్ధతి తగినది?

పదేళ్లు దాటిన కారులో ఇంజను చక్కగా పనిచేస్తున్నా, తలుపు తీయగానే కనిపించే లోపలి భాగం బండి వయసును బయటపెట్టేస్తుంది. లేత గోధుమ రంగు డోర్ ప్యాడ్ మోచేయి ఆనే చోట నల్లబడి ఉంటుంది. ఎక్కి దిగే వైపున రెగ్జిన్ సీటు అంచు రంగు పోయి తెల్లగా తేలుతుంది. అప్పుడు చాలామంది నేరుగా పెయింట్ దుకాణానికి వెళ్లి, ప్లాస్టిక్‌కు ఏ స్ప్రే మంచిదని అడుగుతారు. ఆ ప్రశ్నకు ఒకే జవాబు దొరకదు. కారు లోపల ఉన్నవన్నీ ఒకే ప్లాస్టిక్ కాదు, నాలుగైదు రకాల పదార్థాలు. ఒకదాని మీద ఏళ్ల తరబడి నిలిచే రంగు, పక్కనే ఉన్న మరో భాగం మీద మొదటి వేసవికే పొరలు పొరలుగా లేస్తుంది. అందువల్ల ఏ రంగు కొనాలన్నది తర్వాతి సంగతి. ఆ భాగం దేనితో చేసినది, దాని మీద చేయి ఎంతగా పడుతుంది అన్న రెండూ ముందుగా తేల్చుకుంటే సగం ఎంపిక దానంతటదే జరిగిపోతుంది. ఈ రెండూ చూశాక కొన్ని భాగాలను ముట్టుకోకపోవడమే మేలని తేలడం కూడా మామూలే.

వెనక వైపు ఉన్న అక్షరాలు

డోర్ ప్యాడ్‌ను విప్పి తిరగేస్తే, ఏదో ఒక మూలన రెండు కోణపు గుర్తుల మధ్య ఇంగ్లీషు అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. రీసైక్లింగ్‌లో వేరుచేయడానికి వీలుగా తయారీదారులు వేసే గుర్తు అది. పీపీ అని ఉంటే పాలీప్రొపిలీన్, ఏబీఎస్ అని ఉంటే అదే పేరుతో పిలిచే మరో గట్టి ప్లాస్టిక్, పీసీ, ఏబీఎస్ రెండూ కలిపి ఉంటే పాలీకార్బొనేట్ చేర్చిన మిశ్రమం, పీవీసీ అని ఉంటే మనం రెగ్జిన్ అని పిలుచుకునే వినైల్ అని అర్థం. పీపీ పక్కన ఈపీడీఎం, టీ20 అన్న అక్షరాలు కూడా కనిపిస్తే, అందులో రబ్బరు కలిపారనీ, 20 శాతం టాల్క్ పొడి చేర్చారనీ తెలుసుకోవచ్చు. మామూలు ధరల కార్లలో డోర్ ప్యాడ్‌లు, పిల్లర్ కవర్లు (అద్దాల మధ్య నిలువు స్తంభాలను కప్పేవి), గ్లవ్ బాక్స్ చుట్టుపక్కల గట్టి భాగాలు ఎక్కువగా ఈ పీపీ కుటుంబానికి చెందినవే. స్పీడోమీటర్ చుట్టూ ఉండే ఫ్రేము, మ్యూజిక్ సిస్టమ్ ప్యానెల్, ఏసీ వెంట్ల చట్రాలు ఎక్కువగా ఏబీఎస్ లేదా దాని మిశ్రమంతో చేస్తారు.

ఒక ముక్కను నీళ్లలో వేసి, తేలితే పీపీ, మునిగితే ఏబీఎస్ అని నిర్ణయించే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. దాన్ని నమ్ముకోవద్దు. శుద్ధమైన పీపీ సాంద్రత సుమారు 0.9 కాబట్టి తేలే మాట నిజమే. అయితే 20 శాతం టాల్క్ చేరగానే అది 1.04 దరిదాపులకు పెరిగి ఏబీఎస్‌తో సమానమవుతుంది, ఆ పీపీ కూడా నీళ్లలో మునిగిపోతుంది. అచ్చుపోసిన అక్షరాలే నమ్మదగినవి.

ఈ తేడాను ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. పీపీ మీద నీటి చుక్క వేసి చూస్తే అది పరచుకోదు, గుండ్రంగా నిలబడి పక్కకు జారిపోతుంది. రంగు విషయంలోనూ జరిగేది ఇదే. ఉపరితల శక్తి తక్కువగా ఉండే ఈ ప్లాస్టిక్‌ను రంగు పట్టుకోదు, ఊరికే దాని మీద ఆరి కూర్చుంటుంది. పీపీ బంపర్లకు రంగు వేసే ముందు ఫ్యాక్టరీల్లో వాటి పైపొర మీదుగా మంటను క్షణకాలం పోనిచ్చి, రంగు పట్టేలా మారుస్తారు. ఇంట్లో ఆ పనికి అడ్హీషన్ ప్రమోటర్ అనే పారదర్శక ద్రవం ఉంది. దాని ప్రధాన పదార్థం క్లోరినేటెడ్ పాలీఒలెఫిన్. ఇదీ మామూలు ప్రైమరూ ఒకటేనని పొరబడకూడదు. ప్రైమర్ గీతలను నింపి పైభాగాన్ని చదును చేస్తుంది. ఇది దేన్నీ నింపదు, పీపీకీ రంగుకూ మధ్య పట్టు మాత్రమే కలిగిస్తుంది.

అసలు రంగు అవసరమా?

మన ఊళ్లలో కారు వాషింగ్‌కు ఇచ్చిన ప్రతిసారీ, అడిగినా అడగకపోయినా డ్యాష్‌బోర్డుకు పాలిష్ పూసి మెరిపించి ఇవ్వడం ఆనవాయితీ. అందులో ఎక్కువ భాగం సిలికాన్ నూనెలు. ఏళ్ల తరబడి పేరుకున్న ఆ పూతకు దుమ్ము అంటుకొని, ప్లాస్టిక్కే వెలిసిపోయిందేమో అన్న భ్రమ కలిగిస్తుంది. గిన్నెలు తోమే ద్రవాన్ని గోరువెచ్చని నీళ్లలో కలిపి, మెత్తని బ్రష్‌తో గరుకు గీతల వెంట రుద్ది, తెల్లని గుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డ మొదట గోధుమ రంగుకు, తర్వాత బూడిద రంగుకు తిరిగి, చివరికి తెల్లగానే మిగిలేదాకా ఈ పని సాగించాలి. ఇలా శుభ్రం చేశాక కనీసం కొన్ని భాగాలకైనా రంగు అక్కర్లేదని తేలితే ఆశ్చర్యపోనక్కర్లేదు. గట్టి ప్లాస్టిక్‌లో రంగు ముద్దలోనే కలిసి ఉంటుంది, పైన పూసినది కాదు. కాబట్టి మరక పోతే అసలు రంగు బయటపడుతుంది.

శుభ్రం చేసినా జిగురు వదలని స్విచ్‌లు, హ్యాండిళ్ల సంగతి వేరు. వేలు పెడితే నల్లని మరక అంటుకునే ఆ భాగాల మీద ఫ్యాక్టరీలో మెత్తని స్పర్శ కోసం పాలీయురథేన్ పూత వేసి ఉంటారు. వేడి, గాలిలోని తేమ కలిసి ఆ పూతను ఏళ్ల మీద విచ్ఛిన్నం చేస్తాయి. ఫెరారీ 360 వంటి కార్లకు కూడా ఈ జబ్బు తప్పలేదు కాబట్టి చవక బండి కావడం వల్లే ఇలా అయిందని బాధపడనక్కర్లేదు. విశాఖపట్నం, కాకినాడ వంటి తీరప్రాంతాల తేమ దీనికి మరింత అనుకూలిస్తుంది. దీని మీద రంగు వేయడం వృథా, ఎందుకంటే కింద పొర కుళ్లిపోతూనే ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో ఆ పూతను పూర్తిగా తుడిచేస్తే కింద గట్టి ప్లాస్టిక్ తేలుతుంది. చాలాసార్లు అది కూడా నల్లగానే ఉండి, పని అక్కడితోనే అయిపోతుంది. స్విచ్‌ల మీది గుర్తులు ఈ పూతలోనే చెక్కి ఉంటే పూతతోపాటు అవీ పోతాయి. కాబట్టి ముందు ఒక చిన్న బటన్ మీద చూసి, ఆ తర్వాతే మిగిలినవాటికి పోవాలి.

థిన్నర్ సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ఆటో పెయింట్ షాపుల్లో దొరికే ఎన్‌సీ థిన్నర్‌తో, అంటే నైట్రోసెల్యులోజ్ రంగులను పల్చబరచే ద్రావకంతో తుడిస్తే మురికి వెంటనే పోతుందని కొందరు సలహా ఇస్తారు. అది ఏబీఎస్‌ను కరిగించి గరుకును చెరిపేస్తుంది. పాలీకార్బొనేట్ కలిసిన భాగాల్లోనైతే కంటికి ఆనని పగుళ్లు పుట్టి కొన్నాళ్లకు పెద్దవవుతాయి. థిన్నర్ ఈ పనిలో ఎక్కడా అక్కర్లేదు.

స్ప్రే డబ్బా, వినైల్ కోట్, నీటి ఆధారిత పూత, ఫిల్మ్

గట్టి ప్లాస్టిక్‌కు ఇంట్లో చేయదగిన పద్ధతుల్లో మొదటిది స్ప్రే డబ్బా. ఏబీఎస్ అయితే సన్నని గరుకు పెట్టి శుభ్రం చేసి, ప్లాస్టిక్‌కు పనికొచ్చే ఆక్రిలిక్ రంగును నేరుగా వేసుకోవచ్చు. పీపీ అయితే అడ్హీషన్ ప్రమోటర్ తప్పదు. ప్రమోటర్ పూసిన తర్వాత డబ్బా మీద రాసిన వ్యవధిలోపు రంగు పడాలి. గంటల తరబడి వదిలేస్తే దాని పట్టు తగ్గిపోతుంది. 400 మిల్లీలీటర్ల డబ్బా ఒకటి పల్చని రెండు మూడు పొరలకు సుమారు ఒక చదరపు మీటరు వరకు వస్తుంది. ఈ లెక్కన నాలుగు డోర్ ప్యాడ్‌లకు ఒక్క డబ్బా చాలదు. ఒకే రంగు, ఒకే బ్యాచ్ డబ్బాలు ముందే కొనిపెట్టుకోవడం మంచిది, ఎందుకంటే మధ్యలో అయిపోయి తెచ్చిన కొత్త డబ్బా రంగు ఒక వన్నె తేడా రావచ్చు.

మామూలు ప్రైమర్ వాడే విషయంలో జాగ్రత్త వహించాలి. మందంగా కొడితే తోలును పోలిన గరుకు గీతలు పూడిపోయి, భాగం మొత్తం నున్నగా, బొమ్మల దుకాణంలో సరుకులా కనిపిస్తుంది. లోతైన గీత ఉన్నచోట తప్ప ప్రైమర్ జోలికి పోకపోవడమే మేలు.

డెంటింగ్, పెయింటింగ్ షెడ్డులో వాడే టూకే రంగులు, అంటే హార్డెనర్ కలిపి కొట్టేవి, పట్టులోనూ గీతలకు తట్టుకోవడంలోనూ అన్నిటికన్నా మేలైనవని ఒప్పుకోవాలి. అయితే వాటి హార్డెనర్‌లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఆ తుంపరలు ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఆ తత్వం శరీరానికి పట్టుకుందంటే, ఆపైన అతి కొద్ది మోతాదుకే ఊపిరాడని పరిస్థితి ఏర్పడుతుంది. అపార్ట్‌మెంటు పార్కింగ్‌లో, పిల్లలు తిరిగే చోట ఇవి వాడదగినవి కావు. గట్టిదనం కావాలనుకుంటే భాగాలను విప్పి షెడ్డుకు తీసుకెళ్లి ఇవ్వడం మంచి మార్గం. విప్పడం, బిగించడం మీరే చేసుకుంటే కూలీ ఖర్చు బాగా తగ్గుతుంది. షెడ్డువాళ్లకు ఇచ్చేటప్పుడు మెరుపు వద్దు, మ్యాట్ కావాలని, భాగం వంగేదైతే రంగు చిట్లకుండా చేసే ఫ్లెక్స్ అడిటివ్ కలపమని ముందే చెప్పాలి. లేకపోతే బాడీకి వేసినట్టే తళతళలాడే రంగు వేసి చేతికిస్తారు.

రెగ్జిన్ దగ్గరికి వస్తే లెక్క మారిపోతుంది. పీవీసీ పుట్టుకతో గట్టిది. దాన్ని గుడ్డలా వంగేలా చేసేది అందులో కలిపిన ప్లాస్టిసైజర్ ద్రవాలు. ఇవి ఎండ వేడికి మెల్లగా పైకి వచ్చి ఆవిరవుతూ ఉంటాయి. ముందు అద్దం లోపలివైపు పేరుకునే పల్చని నూనె మసకలో కొంత భాగం వీటిదే. రెగ్జిన్ మీద గుమ్మాలకు వేసే ఎనామిల్ కొడితే ఈ ద్రవాలు ఆ రంగులోకి చొరబడి, అది ఎన్నాళ్లైనా ఆరకుండా చేతికి అంటుకుంటూ ఉంటుంది. గట్టి ఆక్రిలిక్ కొడితే సీటు నొక్కుకున్న చోటల్లా పగులుతుంది. దీనికోసమే వినైల్ కోట్ అనే ప్రత్యేకమైన స్ప్రేలు ఉన్నాయి. వీటిని వినైల్ డై అని అమ్మినా, బట్టకు అద్దకంలా లోపలికి ఇంకే రకం కాదు. వాటిలోని ద్రావకం వినైల్ పైపొరను కొద్దిగా మెత్తబరచి రంగును పట్టిస్తుంది, ఆరాక అతి పల్చగా, వంగినా చిట్లని పొరగా మిగులుతుంది. అమెరికాలో సెమ్ కలర్ కోట్, డూప్లి-కలర్ వారి వినైల్ అండ్ ఫ్యాబ్రిక్ స్ప్రేలు ఈ కోవకు చెందినవి. అక్కడ ఉంటున్న మనవాళ్లకు ఇవి విడిభాగాల దుకాణాల్లోనో ఆన్‌లైన్‌లోనో దొరుకుతాయి. ఇక్కడ దుకాణంలో అడిగేటప్పుడు, డబ్బా మీద ప్లాస్టిక్ అన్న మాట ఉంటే చాలదు, వినైల్‌కు పనికొస్తుందని విడిగా రాసి ఉండాలి. వినైల్ కోట్‌కు రెగ్జిన్ మీద ప్రైమర్ అక్కర్లేదు. గట్టి పీపీ మీద కొట్టాలంటే మాత్రం దీనికీ అడ్హీషన్ ప్రమోటర్ కావాలి. గరుకు గీతలు పూడకుండా నిలిచేది ఈ రకంతోనే కాబట్టి, డోర్ ప్యాడ్‌లో గట్టి ప్లాస్టిక్, రెగ్జిన్ రెండూ పక్కపక్కన ఉంటే రెండింటికీ వినైల్ కోట్ ఒకటే వాడటం నాకు నచ్చిన పద్ధతి. రంగు, మెరుపు రెండు భాగాల్లో ఒకేలా వస్తాయి.

తోలు, రెగ్జిన్ సీట్లకు స్పాంజితో పూసే నీటి ఆధారిత పూతలు మరో మార్గం. వాసన తక్కువ, తుంపర లేదు, మాస్కింగ్ పని, అంటే రంగు పడకూడని చోట్లను టేపుతో కప్పే పని, సగం తగ్గుతుంది. పొరను గట్టిపరచే క్రాస్‌లింకర్ అనే ద్రవం కలిపితే రాపిడికి మరింత తట్టుకుంటుంది. సీట్లకు, ఆర్మ్‌రెస్ట్‌కు నేను దీన్నే ముందుగా సూచిస్తాను, ఎందుకంటే సీటును బయటికి తీయకుండానే పని సాగుతుంది, కారు లోపల స్ప్రే కొట్టే ప్రమాదం తప్పుతుంది. గట్టి పీపీ మీద మాత్రం ఇది నిలవదు.

చివరిది వినైల్ ఫిల్మ్, అంటే కార్బన్ ఫైబర్ డిజైనుతోనో చెక్క డిజైనుతోనో అంటించే స్టిక్కరు. నున్నని, పెద్దగా వంపులు లేని ప్యానెళ్లకు ఇది రంగుకన్నా మేలు. నచ్చకపోతే తీసేయవచ్చు, ఆరేదాకా ఎదురుచూసే పని లేదు. గరుకు ప్లాస్టిక్ మీద అంటిస్తే ఎత్తుగా ఉన్న చుక్కల మీదే జిగురు ఆనుతుంది, మిగతాచోట గాలి మిగిలి అంచులు లేస్తాయి. ఫిల్ముల్లో కాస్ట్ రకం, క్యాలెండర్డ్ రకం అని రెండుంటాయి. చవకైన క్యాలెండర్డ్ ఫిల్మ్ తయారీలో సాగదీసిన ఒత్తిడి అందులోనే మిగిలిపోయి, వేడికి కుంచించుకుపోతుంది, అంచుల్లో సన్నని గీతలా జిగురు బయటపడుతుంది. వంపు ఉన్న భాగానికి ధర ఎక్కువైనా కాస్ట్ ఫిల్మే కొనాలి.

ఇన్నిటికన్నా చవకగా తేలే దారి కూడా ఒకటుంది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాత బండ్ల విడిభాగాల దుకాణాల్లో అదే మోడల్ డోర్ ప్యాడ్ మంచి స్థితిలో దొరికితే, విరిగిన క్లిప్పులు, పగిలిన మూలలు ఉన్న ప్యాడ్‌కు రంగు పూయడం కన్నా దాన్ని మార్చడమే తెలివైన పని. రంగు గీతను, మరకను కప్పగలదు గానీ పగులును కప్పలేదు. పగిలిన డ్యాష్‌బోర్డుకు లప్పం పెట్టి రంగు వేస్తే మొదటి ఎండాకాలంలోనే ఆ పగులు అదే దారిలో మళ్లీ తెరుచుకుంటుంది.

ముట్టుకోకూడనివి

ఎయిర్‌బ్యాగ్ ఉన్న మూతలకు రంగు గానీ ఫిల్మ్ గానీ వేయకూడదు. మన దేశంలో 2019 జులై 1 నుంచి కార్లలో డ్రైవర్ వైపు ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది. ముందు సీటు ప్రయాణికుడి వైపు కొత్త మోడళ్లకు 2021 ఏప్రిల్ నుంచి, అప్పటికే అమ్ముడవుతున్న మోడళ్లకు 2021 చివరికల్లా తప్పనిసరి చేశారు. అంతకుముందు కొన్న బండ్లలోనూ చాలావాటికి ఇవి ఉన్నాయి. ప్రయాణికుడి వైపు డ్యాష్‌బోర్డు చాలా కార్లలో ఒకే పలకలా కనిపిస్తుంది గానీ, ఎయిర్‌బ్యాగ్ చీల్చుకొని రావలసిన గీతను వెనక వైపు నుంచి పల్చగా చెక్కి ఉంచుతారు. పైనుంచి చూస్తే అది తెలియదు. దాని మీద అదనపు పొర చేరితే చీలవలసిన తీరు మారవచ్చు, ఎండిన రంగు పెచ్చులు ముఖం మీదికి ఎగరవచ్చు. పక్క ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్న కార్లలో సీటు అంచులు, పిల్లర్ కవర్లు కూడా ఈ జాబితాలోకే వస్తాయి. ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఎక్కడ ముద్రించి ఉన్నా, ఆ భాగాన్ని వదిలేయడమే నియమంగా పెట్టుకోవాలి. డ్యాష్‌బోర్డు పరిసరాల్లో ఏది విప్పాలన్నా ముందు బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ తీసి, కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి.

సీటు బెల్టు పట్టీకి ఏ రంగూ, ఏ ద్రావకమూ తగలకూడదు. స్టీరింగ్ పట్టుకునే వలయానికి స్ప్రే రంగులు సరిపడవు. చెమట, చేతికి రాసుకునే క్రీములు, శానిటైజర్‌లోని ఆల్కహాల్ కలిసి ఆ పొరను నెలల్లోనే మెత్తబరుస్తాయి. దానికి కుట్టించిన కవరే నయం.

డ్యాష్‌బోర్డు పైభాగం గురించి విడిగా చెప్పాలి. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో పరిశోధకులు ఎండలో నిలిపిన కార్లను కొలిచినప్పుడు, గంట సమయంలో డ్యాష్‌బోర్డు సగటు వేడి సుమారు 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. స్టీరింగ్ 53 డిగ్రీలు, సీట్లు 51 డిగ్రీల దగ్గర ఆగాయి. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో ఎండలో నిలిపిన కారు పరిస్థితి ఇంతకన్నా మెరుగ్గా ఉంటుందని అనుకోలేం. ఒకే కారులో సీటు మీద నిలిచిన రంగు డ్యాష్‌బోర్డు మీద ఎందుకు నిలవదో ఈ అంకెలే చెబుతున్నాయి. పైగా అక్కడ ఏ మాత్రం మెరుపు ఉన్నా, లేత రంగు ఉన్నా, ముందు అద్దంలో దాని నీడ పడి దారి కనిపించకుండా చేస్తుంది. వీలైతే ఆ పైభాగాన్ని వదిలేయాలి. తప్పనిసరైతే ముదురు రంగు, పూర్తి మ్యాట్ మాత్రమే వాడాలి.

భాగాల వారీగా నా ఎంపిక

లేత గోధుమ రంగు లోపలి భాగం ఉన్న సెడాన్‌ను ఉదాహరణగా తీసుకుందాం, మన రోడ్ల మీద ఇలాంటివి కోకొల్లలు. దాన్ని పూర్తిగా నల్లగా మార్చాలన్న కోరిక సాధారణం. లేత నుంచి ముదురుకు పోవడం తేలికే, రెండు మూడు పల్చని పొరలకే రంగు కమ్ముతుంది. అయితే ఆ తర్వాత గోరు గీరుకున్నా, కాలి బూటు తగిలినా లోపలి గోధుమ రంగు తెల్లని గీతలా కనిపిస్తుంది. అందుచేత బూట్లు తగిలే డోర్ ప్యాడ్ కింది అంచును, స్పీకర్ జాలీని అసలు రంగుకు దగ్గరి వన్నెలోనే ఉంచి, మోచేయి ఆనే భాగానికి, పైభాగానికి ముదురు రంగు వేస్తే రెండు రంగుల డిజైనుగా అందంగానూ ఉంటుంది, దెబ్బలూ బయటపడవు. నలుపును లేత రంగుకు మార్చాలనుకునేవారికి నా సలహా వద్దనే. ఎన్ని పొరలు వేసినా అంచుల్లో నలుపు తొంగిచూస్తుంది, పొరలు పెరిగిన కొద్దీ గరుకు పూడిపోతుంది.

డోర్ ప్యాడ్‌కు ప్రమోటర్ మీద వినైల్ కోట్. గేరు చుట్టూ ఉండే నున్నని ప్యానెల్‌కు ఫిల్మ్, ఎందుకంటే ఉంగరాలు, తాళాలు రోజూ తగిలే ఆ చోట స్ప్రే రంగు త్వరగా గీతలు పడుతుంది, ఫిల్మ్ పాడైతే మార్చుకోవచ్చు. స్పీడోమీటర్ ఫ్రేము, మ్యూజిక్ సిస్టమ్ చట్రం చేయి పడని ఏబీఎస్ భాగాలు కాబట్టి వాటికి మామూలు మ్యాట్ స్ప్రే చాలు. ఇంట్లో మొదటిసారి ఈ పని చేసేవారు వీటితో మొదలుపెడితే చేయి తిరుగుతుంది. ఏసీ వెంట్ల రెక్కలకు రంగు వేస్తే అతుక్కుపోయి తిరగవు. వాటిని మాస్క్ చేసి చట్రానికి మాత్రమే వేయాలి. సీట్లకు నీటి ఆధారిత పూత. రూఫ్ బట్ట నల్లబడితే శుభ్రం చేయించడమో, కొత్త బట్ట వేయించడమో తప్ప స్ప్రేతో ఒరిగేదేమీ లేదు.

హెడ్‌రెస్ట్ విషయంలో మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. తలకు రాసుకున్న కొబ్బరినూనె ఏళ్ల తరబడి రెగ్జిన్‌లోకి, కుట్ల వెంట లోపలి స్పాంజిలోకి ఇంకి ఉంటుంది. పైన ఎంత తుడిచినా ఎండ తగలగానే మళ్లీ పైకి వస్తుంది, రంగును లేపేస్తుంది. హెడ్‌రెస్ట్‌కు కొత్త రెగ్జిన్ కుట్టించడమే మార్గం. డ్యాష్‌బోర్డు మీద దేవుడి ప్రతిమ అంటించిన డబుల్ టేపు జిగురు, ఒలికిన పెర్ఫ్యూమ్ మరక కూడా ఇలాంటి చిక్కులే. జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెల్లగా వదిలించవచ్చు గానీ, పెర్ఫ్యూమ్ ప్లాస్టిక్‌ను మెత్తబరచి గరుకును చెరిపేసిన చోట రంగు వేసినా ఆ మచ్చ ఆకారం కనిపిస్తూనే ఉంటుంది.

పని చేసే తీరు

భాగాన్ని విప్పి బయట రంగు వేయడానికే సిద్ధపడాలి. కారు లోపల కూర్చొని స్ప్రే కొట్టడం వల్ల అద్దాలకు, బట్టకు తుంపర అంటుకోవడం ఒక ఎత్తు, మండే ఆవిరి మూసిన చోట పేరుకోవడం మరో ఎత్తు. డోర్ ప్యాడ్ స్క్రూలు హ్యాండిల్ గుంటలోనూ, ఆర్మ్‌రెస్ట్ అడుగున చిన్న మూతల కిందా ఉంటాయి. అవి తీశాక మిగిలేవి క్లిప్పులే. పాత క్లిప్పుల్లో కొన్ని విరగడం ఖాయం, కాబట్టి కొత్తవి ముందే తెచ్చుకోవాలి. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు ద్రావకాల ఆవిరిని ఆపవు. ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కు వాడాలి.

సబ్బునీటితో కడిగి ఆరబెట్టాక, బూడిద రంగు స్కాచ్‌బ్రైట్‌తో మెరుపు పోయేంతవరకే రుద్దాలి. గరుకు గీతలు ఉన్నచోట వాటర్ పేపర్ వాడితే ఎత్తుగా ఉన్న చుక్కలు అరిగిపోయి మచ్చలు పడతాయి. ఆ తర్వాత ఆల్కహాల్‌తో తుడవాలి, రుద్దిన గుడ్డను తిరిగి వాడకుండా ప్రతిసారీ శుభ్రమైన వైపుకు మార్చుకోవాలి. సిలికాన్ మిగిలితే రంగు పడిన క్షణంలోనే చేప కన్ను అంత గుంటలుగా విడిపోతుంది. అలా జరిగితే మీద మరో పొర కొట్టి పూడ్చే ప్రయత్నం చేయకూడదు. ఆరనిచ్చి, రుద్ది, మొదటి నుంచి శుభ్రం చేయాలి.

రంగు వేయడానికి సమయం ఎంచుకోవడంలో మన వాతావరణం కొంత పరీక్ష పెడుతుంది. వర్షాకాలంలో తేమకు ఆక్రిలిక్ రంగు పాలలా తెల్లబడుతుంది. మే నెల మధ్యాహ్నం తుంపర గాల్లోనే ఆరి, భాగం మీద పిండిలా రాలుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నా గాలిలో తేమ ఎక్కువ. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మంచు విడిచాక ఉదయం పది, పదకొండు గంటలప్పుడు, ఎండ నేరుగా పడని చోట పని పెట్టుకోవడం అన్నిటికన్నా అనుకూలం. డబ్బాను గోళీ చప్పుడు మొదలయ్యాక రెండు నిమిషాలు ఊపి, 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకొని, భాగం అంచుకు కాస్త బయటే స్ప్రే మొదలుపెట్టి అవతలి అంచు దాటాక ఆపాలి. మొదటి పొర పూర్తిగా కప్పకూడదు, చుక్కలు చుక్కలుగా పడితే చాలు. పొరకూ పొరకూ మధ్య పది, పదిహేను నిమిషాలు ఆగాలి.

మొత్తం వేసే ముందు ప్యాడ్ వెనక వైపునో, కారు అడుగున కనిపించని అదే పదార్థపు ముక్క మీదనో రంగు వేసి, ఒక రోజు ఆరనిచ్చి పరీక్షించాలి. బ్లేడుతో అడ్డంగా, నిలువుగా సన్నని గళ్లు గీసి, టేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగి చూడాలి. గళ్లలో ఒకటి రెండు అంచులు లేస్తే శుభ్రం చేయడంలో లోపం ఉన్నట్టు. గళ్లన్నీ టేపుకు అంటుకొని వచ్చాయంటే అది పీపీ అయి ఉండి ప్రమోటర్ పడనట్టు, లేదా రంగు రకమే తప్పినట్టు. ఈ ఒక్క పరీక్ష తర్వాత నాలుగు తలుపుల పని మళ్లీ చేసే తిప్పలను తప్పిస్తుంది.

చేతికి అంటుకోకుండా ఆరడానికి అరగంట చాలు గానీ, పూర్తిగా గట్టిపడటానికి సుమారు వారం పడుతుంది. ఆ వారంలో వీలైతే భాగాలను బిగించకుండా గాలి ఆడే గదిలో ఉంచాలి. బిగించాక నెల రోజుల పాటు తడి గుడ్డతో తప్ప మరి దేనితోనూ తుడవకూడదు. ఆ తర్వాత కూడా వాషింగ్‌కు ఇచ్చేటప్పుడు లోపల పాలిష్ వేయవద్దని చెప్పి ఇవ్వాలి, లేకపోతే తర్వాతి సవరణ పని మళ్లీ సిలికాన్ వదిలించడంతోనే మొదలవుతుంది. సవరణల కోసం మిగిలిన డబ్బాను దాచుకోవడం మంచిదే. అయితే 50 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచవద్దని దాని మీదే రాసి ఉంటుంది కాబట్టి, కారు డిక్కీలో కాకుండా ఇంట్లో చల్లని అలమరలో పెట్టుకోవాలి.